ఏడ్పు మానిన శిశువు

పసిబిడ్డ ఏడ్చినచో ఇంటిలోని వారందరును లేచి వచ్చెదరు. బిడ్డ ఏడ్పు మానినచో ఎవరి పనికి వారు పోవుదురు. ఏడ్పు బాధకు గుర్తనియు, మౌనము సుఖమునకు గుర్తనియు లోకము తలంచుట సహజము. ఈ తలంపు అన్ని వేళల నిజము కాదనియు, ఒక్కొక్కప్పుడు బిడ్డ మౌనమే ఏడ్పుకంటె పెద్ద ఆపదకు చిహ్నమనియు ఇరువదవ శతాబ్దపు నడుమ లండను నగరములో ఒక పరిశోధకుడు నిరూపించెను. ఆయన వైద్యుడు కాడు. పదునాల్గవ యేట బడి విడిచి ఉక్కు కర్మాగారములో పనికి చేరినవాడు. ఆయన పేరు జేమ్సు రాబర్ట్‌సన్. రోగముతో ఆసుపత్రి చేరిన పసివారిని చూచు పద్ధతి నేడు పెక్కు దేశములలో మారియున్నదన్నచో, ఆ మార్పునకు మూలకారకులైన వారిలో ఆయన ముఖ్యుడు.

సందర్శన వేళలు

1940 దశకములో ఇంగ్లండు దేశపు ఆసుపత్రులలో పిల్లల వార్డు శుభ్రతకును, క్రమశిక్షణకును పేరు పొందియుండెను. తెల్లని దుప్పట్లు, వరుసగా అమర్చిన మంచములు, తమ తమ పనులపై మౌనముగా తిరుగు నర్సులు. బిడ్డను చేర్పించు దినమున తల్లి వార్డు గుమ్మము దనుక వచ్చి, బిడ్డను నర్సు చేతికిచ్చి వెనుదిరిగి పోవలెను. అటుపిమ్మట బిడ్డను చూచుటకు ఆసుపత్రివారు నిర్ణయించిన వేళలలోనే రావలెను.

ఆ వేళలు ఎట్లుండెనో 1949లో ఒక ఆంగ్ల వారపత్రిక సేకరించి ప్రకటించెను. లండనులోని ఒక పెద్ద ఆసుపత్రిలో తలిదండ్రులకు ఆదివారము రెండు గంటలు మాత్రమే అనుమతి. మరొకచోట బుధవారము ఒక గంట, ఆదివారము ఒక గంట. ఇంకొకచోట మొదటి నెల దినములు బిడ్డను పలుకరించుటకే వీలు లేదు; సాయంకాలము 7 గంటలకును 8 గంటలకును నడుమ, బిడ్డ నిద్రించుచుండగా దూరమునుండి చూచి పోవచ్చును. వేరొకచోట మూడేండ్లలోపు పిల్లలను తలిదండ్రులు అడ్డుతెర కావలనుండి చూడవలసినదే కాని దగ్గరకు పోరాదు. క్షయ వంటి దీర్ఘరోగములతో చేరిన పిల్లలు నెలల తరబడి, ఏండ్ల తరబడి ఇట్లే గడపుచుండిరి.

ఈ నియమములను కల్పించినవారు క్రూరులు కారు. వారికి రెండు కారణములు కలవు. మొదటిది అంటురోగముల భయము. కంఠసర్పి, స్కార్లెట్ జ్వరము మొదలగునవి ఒక మంచమునుండి మరొక మంచమునకు ప్రాకి వార్డంతటిని నాశనము చేసిన దినములు వృద్ధ వైద్యులకు జ్ఞప్తియందుండెను. పెన్సిలిన్ వచ్చి కొలది ఏండ్లే అయినది. బయటినుండి వచ్చు ప్రతి మనిషియు రోగమును మోసికొని వచ్చునను భయము ఇంకను పోలేదు.

రెండవ కారణము వినుటకు మరింత సమంజసముగా తోచును. తల్లి వచ్చినపుడు బిడ్డ ఏడ్చును. ఆమె వెడలునపుడు గగ్గోలు పెట్టును. ఆమె రాని దినములలో నిమ్మళముగా నుండును. కావున తల్లి రాకయే బిడ్డకు హాని. ఈ తర్కములో నర్సులకు గాని వైద్యులకు గాని లోపము కనబడలేదు. చేరిన కొత్తలో ఏడ్చి, రెండు మూడు దినములలో ఏడ్పు మానిన బిడ్డను చూచి, 'వీడు కుదుటబడినాడు' అని వారు సంతోషించెడివారు. కుదుటబడుట అనగా ఏమి? ఆ మాట వెనుక నున్నది శాంతియా, వేరొకటియా? ఈ ప్రశ్నను అడిగినవాడు రాబర్ట్‌సన్.

బాయిలరు కొలువు

రాబర్ట్‌సన్ 1911లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమునకు సమీపమున రూథర్‌గ్లెన్ అను ఊరిలో ఒక కార్మిక కుటుంబమున జన్మించెను. పగలు కర్మాగారములో పని చేయుచు, తీరిక వేళల చదువుకొని తనను తాను తీర్చిదిద్దుకొనెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినపుడు ఆయుధము పట్టుటకు మనస్సాక్షి ఒప్పని వారిలో ఆయన ఒకడు. భార్య జాయిస్‌తో కూడి లండనులోని హాంప్‌స్టెడ్ ప్రాంతమునకు చేరెను. అచ్చట సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె ఆనా ఫ్రాయిడ్, బాంబుల దాడులలో ఇండ్లు కోల్పోయిన, తలిదండ్రులకు దూరమైన పిల్లలకొరకు శిశుసదనములను నడపుచుండెను. జాయిస్ ఆ పిల్లలను చూచుకొను పనిలో చేరెను. రాబర్ట్‌సన్‌కు దొరకినది బాయిలరు రాజేయుట, విరిగినవి బాగు చేయుట మొదలగు పనులు.

ఆనా ఫ్రాయిడ్ మానసిక విశ్లేషకురాలు కాకముందు వియన్నా నగరములో బడిపంతులమ్మగా పని చేసినది. ఆమె సదనములలో ఒక విచిత్రమైన నియమముండెను. అచ్చట పని చేయు ప్రతివారును, వారు ఏ పని చేయువారైనను సరే, పిల్లల నడవడిలో తమ కంట బడిన విశేషములను చిన్న చీట్లమీద వ్రాసి ఇయ్యవలెను. పిమ్మట అందరును కూర్చుండి ఆ చీట్లను చర్చించెడివారు. బొగ్గు మసి అంటిన చేతులతో రాబర్ట్‌సన్ కూడ చీట్లు వ్రాసెను. పెద్ద పెద్ద సిద్ధాంతములకంటె ముందు, కనులెదుట జరుగుదానిని జరిగినది జరిగినట్లు చూచుట ఒక విద్యయని ఆయనకు అచ్చట బోధపడెను. యుద్ధానంతరము ఆయన మానసిక రోగుల సేవకు సంబంధించిన సాంఘిక కార్యకర్తగా శిక్షణ పొందెను.

ఆ సమయమున లండనులోని టావిస్టాక్ చికిత్సాలయములో జాన్ బౌల్బీ అను మనోవైద్యుడు తల్లినుండి ఎడబాటు బిడ్డ మనస్సును ఎట్లు మార్చునో పరిశోధింప బూనెను. బౌల్బీ 1907లో లండనులో జన్మించెను. ఆయన తండ్రి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు. ఆ కాలపు సంపన్న గృహముల ఆచారము ననుసరించి బౌల్బీ ఆయాల చేతులలో పెరిగెను. ఆయనకు నాలుగేండ్ల వయస్సున, తన్ను తల్లివలె పెంచిన ఆయా కొలువు విడిచి పోయెను. ఆ ఎడబాటును ఆయన జీవితాంతము మరువలేదు.

1944లో బౌల్బీ దొంగతనముల కలవాటు పడిన 44 మంది బాలబాలికలను గూర్చి ఒక పరిశోధనను ప్రకటించెను. వారిలో 14 మంది ఎవరియందును ప్రేమ లేక, మందలింపునకు గాని మెప్పునకు గాని చలింపక రాయివలె నుండిరి. ఆ 14 మందిలో 12 మంది పసితనమున తల్లికి చాలకాలము దూరమైనవారు. కొందరు ఆసుపత్రులలో నెలల తరబడి ఉన్నవారు. సంఖ్య చిన్నది, పరిశీలించినది ఒకే వైద్యుడు. దీనినిబట్టి శాసనము చేయరాదు. కాని విచారింపదగిన ప్రశ్న ఒకటి లేచినది. గడచిపోయిన ఎడబాటును ఏండ్ల తరువాత తవ్వి తీయుటకంటె, ఎడబాటు జరుగుచున్న వేళనే పసిబిడ్డ ప్రక్క కూర్చుండి చూచినచో ఎట్లుండును? ఆ పనికొరకు 1948లో బౌల్బీ రాబర్ట్‌సన్‌ను నియమించెను.

మూడు దశలు

సెంట్రల్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలోని పిల్లల వార్డులో రాబర్ట్‌సన్ అడుగిడెను. ఆయన చేతిలో మందు లేదు, సూది లేదు. చేయవలసిన పని చూచుట ఒక్కటే. వైద్యులు కొన్ని నిమిషములు వచ్చి పోవుదురు. నర్సులు ఒక మంచమునుండి మరొక మంచమునకు పరుగిడుచుందురు. ఒకే బిడ్డను గంటల తరబడి, దినముల తరబడి చూచువారు ఆ వార్డులో అంతవరకు ఎవరును లేరు.

అట్లు చూడగా చూడగా, ఏడాది నిండినది మొదలు నాలుగేండ్లలోపు పిల్లలలో ఒకే క్రమము మరల మరల కనబడెను. మొదటి దశ ప్రతిఘటనము. బిడ్డ గట్టిగా ఏడ్చును, కటకటాల మంచమును కుదుపును, ఏ అడుగుల సవ్వడి విన్నను తల్లి వచ్చినదేమోయని తల యెత్తి చూచును. ఈ ఏడ్పులో ఆశ కలదు. తాను పిలిచినచో తల్లి వచ్చునను నమ్మకము బిడ్డకు ఇంకను పోలేదు.

రెండవ దశ నిరాశ. ఏడ్పు సన్నగిల్లును. బిడ్డ బొటనవ్రేలు చీకుచు, ఏ ఆటవస్తువునో దుప్పటి కొననో పట్టుకొని, ఎవరితోను కలియక కూర్చుండును. మందిచ్చినచో మ్రింగును, సూది గ్రుచ్చినను అంతగా ఎదిరింపదు. ఈ దశనే వార్డులో కుదుటబడుట అని పిలుచుచుండిరి. ఈ సమయమున తల్లి కనబడినచో అణగియున్న దుఃఖము కట్ట తెంచుకొని బయటపడును. తల్లి రాకవలన బిడ్డకు దుఃఖము పుట్టుట లేదు. ఉన్న దుఃఖము వెలికి వచ్చుచున్నది. నర్సుల తర్కములోని లోపము ఇదియే.

మూడవ దశ విముఖత. ఆసుపత్రిలో చాలకాలము ఉన్న పిల్లలలో ఇది కనబడును. బిడ్డ మరల నవ్వును, మిఠాయిలు తీసికొనును, ఏ నర్సు ఎత్తుకొన్నను పోవును. చూచువారికి రోగము, దిగులు రెండును తీరినట్లే తోచును. కాని తల్లి వచ్చినపుడు ఆ బిడ్డ ఆమె ముఖము చూడదు. ఆమె తెచ్చిన పొట్లమునే చూచును. ఎవరు వచ్చినను, ఎవరు పోయినను ఒకటే. మనుష్యులయందు మనస్సు నిలుపుట మానుకొన్న బిడ్డ అది. ఇంటికి పోయిన పిమ్మట ఇట్టి పిల్లలలో కొందరు రాత్రులు ఉలికిపడి లేచుట, తల్లి కొంగు విడువకుండుట, కారణము లేకయే ఆమెపై కోపగించుట సామాన్యము.

గడియారము సాక్షిగా

రాబర్ట్‌సన్ తాను చూచినదానిని వైద్యుల సభలలో చెప్పగా ఎవరును నమ్మలేదు. తమ వార్డులో అట్టి పిల్లలు లేరనిరి. మాటలవలన పని జరుగదని గ్రహించి ఆయన చేత పట్టుకొను చిన్న చలనచిత్ర కెమెరా నొకదానిని సంపాదించెను. అంతకుముందు ఆయన చిత్రము తీసి యెరుగడు.

ఏడ్చు బిడ్డను వెదకి పట్టుకొని చిత్రము తీసినాడను నింద రాకుండ బౌల్బీయు రాబర్ట్‌సనును జాగ్రత్త పడిరి. ఆసుపత్రిలో చేరవలసియున్న పిల్లల పట్టికనుండి ఒక పేరును ఇష్టానిష్టములతో పని లేకుండ ఎన్నుకొనిరి. ప్రతిదినము నియమితమైన వేళలలోనే చిత్రీకరించిరి. ఆ వేళలకు సాక్ష్యముగా గోడ గడియారము చిత్రములో కనబడుచుండును.

అట్లు ఎన్నికైన బిడ్డ చిత్రములో లారా అను పేరుతో నున్న 2 ఏండ్ల 5 నెలల బాలిక. బొడ్డు దగ్గర హెర్నియాకు చిన్న శస్త్రచికిత్స కొరకు 8 దినములు ఆసుపత్రిలో నుండెను. విధివశమున ఆమె గొంతెత్తి ఏడ్చు బిడ్డ కాదు. వయస్సునకు మించిన నిగ్రహము గలది. మొదట రాబర్ట్‌సన్ తన శ్రమ వృథా యగునేమోయని భయపడెను. కాని ఆ నిగ్రహమే చిత్రమునకు ప్రాణమైనది. పెదవులు వణకును, కన్నీరు ఉబుకును, వెంటనే బాలిక ముఖము సరిచేసికొనును. తన బొమ్మ ఎలుగుబంటిని, ఇంటినుండి తెచ్చుకొన్న దుప్పటిని గుండెకు హత్తుకొనును. అమ్మ కావలెనని మెల్లగా, ఏదో మామూలు మాట చెప్పినట్లు చెప్పును. దినములు గడచినకొలది తల్లి వచ్చినపుడు ఆమె ముఖములో వెలుగు తగ్గుచు వచ్చెను. తుదకు ఇంటికి పోవు దినమున తల్లి చేయి చాచగా ఆ చేతిని పట్టుకొనుటకు లారా ఒప్పుకొనలేదు.

1952 నవంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ భవనమున సుమారు 300 మంది వైద్యుల, నర్సుల యెదుట ఈ చిత్రమును ప్రదర్శించిరి. దీపములు వెలుగగానే సభ మండిపడెను. ఇది నర్సుల వృత్తికి అవమానమనిరి. ఈ బిడ్డ అసాధారణమైనదనిరి. చిత్రమును ఎవరికిని చూపరాదనిరి. వారి కోపమునకు కారణము లేకపోలేదు. తమ జీవితమంతయు పిల్లల సేవకే ధారపోసిన వారికి, తమ కనులెదుటనే ఒక దుఃఖము దినదినమును జరిగిపోయినదని, తాము దానిని చూడలేదని ఆ చిత్రము చెప్పుచున్నది.

చూడలేకపోవుట ఎట్లు సంభవించినది?

ఈ ప్రశ్నకు సమాధానము టావిస్టాక్ సంస్థకే చెందిన మరొక పరిశోధకురాలు ఇసబెల్ మెంజీస్ ఇచ్చెను. లండనులోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో నర్సుల పనితీరును ఆమె పరిశీలించి 1960లో తన అభిప్రాయములను ప్రకటించెను. ఆ ఆసుపత్రిలో నర్సు విద్యార్థినులలో మూడవ వంతు మంది శిక్షణ పూర్తి కాకముందే వెడలిపోవుచుండిరి. అచ్చటి ఏర్పాటు ఎట్టిదనగా, ఒక నర్సు ఒక రోగికి కావలసినవన్నియు చేయదు. ఒకతె అందరి జ్వరము చూచును; మరొకతె అందరి పక్కలు సర్దును; వేరొకతె అందరికి మందులిచ్చును. రోగిని పేరుతో గాక మంచపు సంఖ్యతోనో, రోగము పేరుతోనో పిలుచుట వాడుక. నర్సులను ఒక వార్డునుండి మరొక వార్డునకు తరచుగా మార్చుచుందురు.

ఇదంతయు పని సౌకర్యము కొరకని పైకి తోచును. కాని దీని లోపలి ప్రయోజనము వేరని మెంజీస్ చెప్పెను. బాధపడు మనిషి చెంత, మరణించు మనిషి చెంత దినమంతయు నిలుచుట దుర్భరము. ఒక రోగిపై మమత పెంచుకొన్నచో ఆ బాధ నర్సును దహించును. ఆ బాధనుండి తప్పించుకొనుటకే ఆసుపత్రి తనకు తెలియకయే ఇట్టి కట్టుబాట్లను కల్పించుకొన్నది. కాని ఆ కట్టుబాట్లు నర్సుకు శాంతి నీయలేదు. సేవలోని తృప్తిని మాత్రము హరించెను. రాబర్ట్‌సన్ పిల్లల మంచముల దగ్గర చూచినదానికి ఇది రెండవ ప్రక్క. పదిమంది నర్సులు పది పనులు చేసి పోవు వార్డులో, ఏ బిడ్డ దుఃఖమును ఏ ఒక్కరును ఆద్యంతము చూడరు. చూడని దుఃఖము లేనట్లే యగును.

తలుపులు తెరచినవారు

ఆ సభలో కోపించిన వారిలో డెర్మాడ్ మెకార్తీ అను శిశువైద్యుడొకడు. ఆయన తన ఆసుపత్రికి తిరిగి వచ్చి తన వార్డులోని పిల్లలను క్రొత్త కనులతో చూచెను. అంతవరకు చెవి సోకని ఏడ్పులు ఆయనకు వినబడెను. రాబర్ట్‌సన్ చెప్పినది నిజమని ఆయన బహిరంగముగా ఒప్పుకొని, ఆమర్‌షామ్‌లోని తన వార్డులో తల్లులు పిల్లలతో కూడ నుండుటకు ఏర్పాటు చేసెను. ఆ వార్డులోనే రాబర్ట్‌సన్ తన రెండవ చిత్రమును తీసి 1958లో విడుదల చేసెను. అందులో తల్లితో కూడ ఆసుపత్రిలో నున్న పసిబిడ్డ నొప్పికి ఏడ్చును, భయమునకు ఏడ్చును. కాని మొదటి చిత్రములోని ఆ నిర్జీవమైన మౌనము మాత్రము ఎచ్చటను కానరాదు.

తల్లిని లోపలికి రానిచ్చుట కేవలము క్రొత్త ఊహ కాదు. న్యూకాజిల్ నగరములో జేమ్సు స్పెన్స్ అను శిశువైద్యుడు 1920 దశకమునుండియే తల్లులను బిడ్డలతో కూడ చేర్చుకొనుచుండెను. న్యూజీలాండులో పికెరిల్ దంపతులను శస్త్రవైద్యులు 1940 దశకములో తమ ఆసుపత్రిలోని శిశువులకు వారి వారి తల్లులచేతనే పరిచర్య చేయించిరి. ఒక తల్లి ఒక బిడ్డనే ముట్టుకొనును. ఒక నర్సు పదిమందిని ముట్టుకొనును. కావున అంటురోగములు పెరుగుటకు మారుగా తగ్గెనని వారు చూపిరి. పాత నియమమునకు మూలమైన మొదటి కారణము కూడ ఇట్లు సడలిపోయెను.

1956లో బ్రిటిషు ప్రభుత్వము సర్ హారీ ప్లాట్ అను శస్త్రవైద్యుని అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. రాబర్ట్‌సన్ ఆ సంఘమునకు తన సాక్ష్యమును సమర్పించెను. 1959లో వెలువడిన నివేదిక, తలిదండ్రుల రాకపోకలపై ఆంక్షలు తొలగింపవలెననియు, పసిపిల్లలతో కూడ తల్లులు నుండుటకు వసతి కల్పింపవలెననియు, పిల్లలను పెద్దల వార్డులలో ఉంచరాదనియు సిఫారసు చేసెను. ప్రభుత్వము అంగీకరించెను. కాని కాగితముపై మార్పు వార్డు గుమ్మము దాటుటకు పెక్కు సంవత్సరములు పట్టెను. 1961లో రాబర్ట్‌సన్ టెలివిజనులోను పత్రికలలోను ఈ విషయమును ప్రజల ముందుంచెను. వెంటనే లండనులోని బాటర్సీ ప్రాంతపు తల్లులు కొందరు చేరి ఒక సంఘమును స్థాపించిరి. ఏ ఆసుపత్రి ఏ వేళల అనుమతించుచున్నదో విచారించుట, ప్రభుత్వము అంగీకరించినదానిని అమలు జరుపుమని అడుగుట వారి పని. ఆ సంఘము దేశమంతట వ్యాపించెను. పరిశోధకుడు నిరూపించినదానిని తల్లులు సాధించిరి.

తన సిద్ధాంతమును తానే సవరించుట

రాబర్ట్‌సన్ ఇచ్చటితో ఆగినచో ఆయన ఒక సంస్కర్త మాత్రమే యయ్యెడివాడు. 1960 దశకములో ఆయనయు జాయిసును కలిసి మరొక ప్రశ్న వేసికొనిరి. బిడ్డను కలచివేయుచున్నది తల్లి లేకుండుటయా, తల్లి స్థానమున ఎవరును లేకుండుటయా? ఈ రెండును ఒకటి కావు.

తల్లి ప్రసవమునకై ఆసుపత్రికి పోగా ఇంట మిగిలిన పసిపిల్లలను నలుగురిని ఒక్కొక్కరిని వేరువేరు సమయములలో వారు తమ ఇంట ఉంచుకొని పెంచిరి. ముందుగనే బిడ్డతో పరిచయము చేసికొనిరి. ఏమి తినునో, ఎట్లు నిద్రించునో తల్లినడిగి తెలిసికొనిరి. బిడ్డ పక్కబట్టలు, ఆటవస్తువులు, తల్లి ఛాయాచిత్రము తెప్పించిరి. తండ్రి వచ్చి పోవుచుండెను. ఆ నలుగురును బెంగపడిరి, అప్పుడప్పుడు అలిగిరి. కాని నిరాశలో మునుగలేదు. ఇట్టిదే పరిస్థితిలో 17 నెలల బాలుడొకడు 9 దినములు ఒక శిశుసదనములో నుండగా తీసిన చిత్రము 1969లో వెలువడెను. అచ్చటి పడుచు నర్సులు దయగలవారే. కాని వారు పూటపూటకు మారుచుండిరి. బాలుడు ఒక్కొక్కరి చెంతకు చేరి, వారు వెడలిపోగా మరొకరి చెంతకు చేరి, తుదకు మనుష్యులను విడిచి ఒక పెద్ద బొమ్మ ఎలుగుబంటిని ఆశ్రయించెను. తొమ్మిదవ దినమున తల్లి రాగా ఆమె ఒడిలో నిలువక పెనుగులాడెను.

దీనినిబట్టి, నమ్మదగిన ఒక్క మనిషి స్థిరముగా చెంత నున్నచో ఎడబాటును బిడ్డ భరింపగలదని రాబర్ట్‌సన్ దంపతులు తేల్చిరి. ఈ విషయమున బౌల్బీకిని వారికిని అభిప్రాయభేదము కలిగెను. తల్లిలేమికి బదులు కొంత ఉపశమనము కలుగునే కాని దుఃఖము మూలమున ఒకటేయని బౌల్బీ తలంచెను. 1972లో మైకేల్ రట్టర్ అను మనోవైద్యుడు ఈ పరిశోధనలనన్నిటిని తూచి చూచి, తల్లిలేమి అను ఒక్క పేరు క్రింద పలు వేరువేరు కష్టములు కలిసియున్నవనియు, బిడ్డకు తల్లితోనే గాక ఇతరులతో కూడ గాఢమైన అనుబంధము లేర్పడుననియు చూపెను. ఈ సవరణ అవసరమైనది. 1951లో బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు వ్రాసిన నివేదికను చేతబట్టుకొని, ఉద్యోగము చేయు తల్లులను నిందించినవారు లేకపోలేదు. పరిశోధన చెప్పినది తల్లి ఇల్లు కదలరాదని కాదు. బిడ్డ నమ్ముకొన్న మనిషిని అక్కరవేళ తలుపు బయట నిలుపరాదని.

మన దేశమున

భారతదేశపు ఆసుపత్రులలో రోగి వెంట బంధువు నుండుట అనాదిగా వాడుక. అది సిబ్బంది లేమివలన కలిగిన అవస్థయని చాలమంది ఎంచుదురు. ఆ అవస్థనే చికిత్సగా మార్చినవాడు అమృతసరస్సు మానసిక వైద్యశాలకు అధిపతిగా నుండిన డాక్టర్ విద్యాసాగర్. 1950 దశకములో ఆయన మనోరోగుల కుటుంబములను పిలిపించి, ఆవరణలో గుడారములు వేయించి, రోగులతో కూడ అచ్చటనే ఉంచెను. రోగిని గొలుసుల వెనుక విడిచిపోవు ఇంటివారు, రోగము ఎట్లు తగ్గునో కనులార చూచి, బాగుపడినవానిని వెంటబెట్టుకొని ఇంటికి మరలిరి.

ఇటీవలి నిదర్శన మింకొకటి కలదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయమున జరిగిన ఒక పరిశోధన ఫలితములు వెలువడెను. ఘానా, భారతదేశము, మలావి, నైజీరియా, టాంజానియా దేశములలో 1 కిలో మొదలు 1.8 కిలోల వరకు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులను రెండు వర్గములుగా చేసిరి. ఒక వర్గములో శిశువు కుదుటబడువరకు ఆగక, పుట్టిన వెంటనే తల్లి రొమ్మునకు చర్మస్పర్శ కలుగునట్లు ఆనించి ఉంచిరి. అందుకై తల్లుల మంచములను శిశువుల అత్యవసర చికిత్సాశాలలోనికే చేర్చిరి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందులో పాలు పంచుకొనెను. పాత పద్ధతిలో 28 దినములలోపు నూటికి 15.7 మంది మరణింపగా, ఈ పద్ధతిలో 12 మంది మరణించిరి. 1949లో అడ్డుతెర కావల నిలువబడిన తల్లి, తీవ్రరోగుల గదిలోనికి మందువలె ప్రవేశించినది.

రాబర్ట్‌సన్ 1988లోను, బౌల్బీ 1990లోను కన్నుమూసిరి. జాయిస్ 2013 వరకు జీవించెను. వారి పరిశోధన పిల్లల వార్డులను గూర్చినదైనను, దానిలోని సారము పిల్లలున్న ప్రతిచోటికి చెందును. తరగతిలో అల్లరి చేయు బాలునిపై ఉపాధ్యాయుని దృష్టి వెంటనే పడును. అడుగని, ఎదిరింపని, కూర్చుండుమన్నచోట కూర్చుండు బాలుడు మంచివాడను పేరు తెచ్చుకొని దృష్టినుండి తొలగిపోవును. మౌనముగా నుండు ప్రతి విద్యార్థియు దుఃఖములో నున్నాడని కాదు. కొందరు స్వభావముచేతనే మితభాషులు. కాని మొన్నటివరకు ప్రశ్నలడిగిన బాలిక నేడు అడుగుట మానినచో, ఆటలకు ముందు పరుగెత్తువాడు గోడకానుకొని నిలుచుచున్నచో, 'కుదుటబడినాడు' అని తృప్తి పడుటకు ముందు కొంత ఆగవలెను. ఏది శాంతియో, ఏది నిరాశయో దూరమునుండి తెలియదు. ఆనా ఫ్రాయిడ్ సదనములో బాయిలరు రాజేయువానికి సైతము విధింపబడిన పని నేటికిని అంతే సులభము, అంతే కష్టము: చెంత నిలిచి చూడవలెను, చూచినది చూచినట్లు వ్రాసికొనవలెను.